బీచ్ రోడ్డు స్కేట్లు, పరాయి దేశపు ట్రాకులు

హుద్‌హుద్ తుపానుకి ముందు, అంటే 2014 అక్టోబరుకి ముందు, వుడా పార్కు ఎంత చిక్కటి నీడలో ఉండేదో పాత వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు. సాయంత్రమైతే చాలు, అక్కడి స్కేటింగ్ రింకులో గట్టి చక్రాలు సిమెంటు మీద గరగరలాడేవి. పిల్లలు లోపల గిరగిరా తిరుగుతుంటే అమ్మానాన్నలు గట్టు మీద కూర్చుని మురీ మిక్చర్ పొట్లాలు ఖాళీ చేసేవారు. శివాజీపాలెం వైపు వాళ్లకి శివాజీ పార్కు రింకు ఉండేది. తెల్లవారుజామున మాత్రం అందరికీ బీచ్ రోడ్డే. బళ్లు ఆపేసే ఆ కాసేపట్లో కాళీమాత గుడి దగ్గర మొదలెట్టి పార్క్ హోటల్ వైపు పోవడం, మళ్లీ వెనక్కి రావడం. కుర్సురా సబ్‌మెరైన్ దగ్గరికొచ్చేసరికి ఎవడు ముందున్నాడో చూసుకునేవారు.

మొదట్లో స్కేట్లంటే బూటు కింద పట్టీలతో కట్టుకునే అడ్జస్టబుల్ స్కేట్లే. కాలు పెరిగే కొద్దీ నట్టు వదులు చేసి రేకు సాగదీసుకునేవారు. ఆ తరవాత బూటుతో వచ్చే క్వాడ్లు: ముందు రెండు చక్రాలు, వెనక రెండు, బొటనవేలి కింద రబ్బరు స్టాపరు. పిల్లాడు జిల్లా స్థాయి దాటాడంటే ఇన్‌లైన్ మీద, అంటే చక్రాలన్నీ ఒకే వరసలో ఉండే స్కేట్ల మీద మనసు పడేది. 80 ఎంఎం చక్రాలు ఐదు వరసగా ఉండే పాత ఫ్రేములు పోయి 100 ఎంఎం, ఆపైన 110 ఎంఎం చక్రాలు నాలుగేసి ఉండే ఫ్రేములు వచ్చాయి. ఎనిమిది చక్రాల మంచి సెట్టు ఖరీదు ఇంటద్దెతో పోటీ పడేది. అందుకే ఒక్క సెట్టునే అరిగిపోయేదాకా, కొన్నిసార్లు అరిగిపోయాక కూడా, వాడేవారు. తరవాత విదేశాల్లో తగిలిన దెబ్బల్లో సగం ఈ పొదుపులోంచే పుట్టాయి.

ఇక్కడ రాష్ట్ర పోటీల్లో ఎప్పుడూ మొదటివాడిగా వచ్చే కుర్రాడు పరాయి దేశం వెళ్లి ఇరవయ్యో స్థానంలో తిరిగొస్తే తల్లి అడిగే మాట ఒకటే: "మాస్టారూ, మా గుంటడు ఇక్కడ ఫస్టే కదండీ, అక్కడికెళ్తే ఏటయిపోనాదండీ?" మాస్టారి జవాబూ ఒకటే: "కాళ్లు బానే ఉన్నాయమ్మా. కాళ్ల కిందున్నదే తేడా." అది ఓదార్పు మాటలా వినిపించేది కానీ అక్షరాలా నిజం.

ముందు బేరింగుల సంగతి. స్కేటు చక్రంలో ఉండేది 608 బేరింగు: లోపలి రంధ్రం 8 ఎంఎం, బయటి వ్యాసం 22, మందం 7. చక్రానికి రెండు చొప్పున నాలుగు చక్రాల ఇన్‌లైన్ జతకి పదహారు. సముద్రం పక్కన ప్రాక్టీసు చేసేవాళ్లకి ఉప్పు గాలే మొదటి శత్రువు. బీచ్ రోడ్డు మీద తిరిగొచ్చి స్కేట్లని సంచిలోనే వదిలేస్తే రెండో మూడో రోజుకి చక్రం తిప్పినప్పుడు ఇసక నలిగినట్టు వినపడుతుంది. శుభ్రం చేసే పద్ధతి రింకు దగ్గర ప్రతి పిల్లాడికీ నోటికొచ్చి ఉండేది. గుండుసూదితో సన్నటి రింగు లేపి రేకు మూత తీయాలి, పెట్రోల్లో వేసి ఆడించాలి, గుడ్డ మీద ఆరబెట్టాలి, చివరికి కుట్టుమిషను నూనె ఒక చుక్క, మహా అయితే రెండు. నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి ముద్దవుతుంది. పెట్రోలు పొయ్యికీ పిల్లలకీ దూరంగా, ఆరుబయట పెద్దవాళ్లే పట్టుకోవాలి. నీళ్లతో కడగడం అంత నేరం ఇంకోటి లేదు.

బేరింగు బాగున్నా చక్రం తిరగకపోతే మాత్రం స్పేసరు చూసుకోవాలి. రెండు బేరింగుల మధ్య ఉండే ఆ చిన్న గొట్టం ముక్క పోతే, ఇరుసు బోల్టు బిగించిన కొద్దీ బేరింగులు లోపలికి నొక్కుకుపోయి చక్రం బిగుసుకుంటుంది. పిల్లాడికి ఊపిరి అందట్లేదని, దమ్ము లేదని తిట్టిన సందర్భాల్లో కొన్నింటికి కారణం ఆ గొట్టం ముక్కే.

చక్రాల గట్టిదనాన్ని 'ఎ' స్కేలు మీద కొలుస్తారు: 84ఎ కొంచెం మెత్తన, 86ఎ మధ్యస్థం, 88ఎ గట్టిది. మన సిమెంటు గరుకు. ఎండాకాలం మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడికి చక్రంలోని యూరితేన్ ప్లాస్టిక్ మెత్తబడి ఇంకా తొందరగా అరుగుతుంది. అందుకని ఇక్కడ అందరూ గట్టి చక్రాలే కొనేవారు, ఎక్కువ రోజులు వస్తాయని. అవే తీసుకుని ఏప్రిల్లోనో మేలోనో ఐరోపా వెళ్తే పొద్దుటి పూట పది డిగ్రీలుంటుంది. ఆ చలికి అదే చక్రం ఇంకా గట్టిపడుతుంది. కింద ట్రాకు చూస్తే రెజిన్ పూత వేసిన నున్నటి నేల. జర్మనీలో గైసింగెన్ లాంటి చోట పైకప్పు కింద 200 మీటర్ల ట్రాకు ఉంటుంది, ఎండే తగలదు. మలుపులో కాలు తోసిన ప్రతిసారీ చక్రం పట్టు తప్పి పక్కకి జారుతుంది. పడిపోయేంత జారదు, బెత్తెడు జారుతుంది అంతే. కానీ తోపుకో బెత్తెడు చొప్పున వెయ్యి మీటర్లలో ఎంత పోతుందో లెక్క వేసుకోవచ్చు. పైగా జారుతుందేమోనన్న భయంతో పిల్లాడు నడుము లేపేస్తాడు, కాలు పూర్తిగా చాచడు. పడితే దెబ్బ మోకాలికే, భయం పడితే మాత్రం రేసు మొత్తం పోతుంది.

దీనికి మందుగా కొత్త చక్రాలు కొనిచ్చి పంపిన తల్లిదండ్రులకి ఇంకో పాఠం దొరికింది. అచ్చులోంచి వచ్చిన కొత్త చక్రం పైపొర నున్నగా ఉంటుంది. అది గీసుకుపోయేదాకా, అంటే కనీసం అరగంట తిరిగేదాకా, పట్టు రాదు. రేసు రోజు పొద్దున్నే పెట్టె విప్పి కొత్త సెట్టు బిగించిన కుర్రాడు మొదటి మలుపులోనే కంచె దాకా జారిపోవడం వింతేమీ కాదు. తరవాత తరవాత తెలివైనవాళ్లు రెండు సెట్లు పట్టుకెళ్లేవారు, ఒకటి మెత్తన, ఒకటి గట్టిది. రెండూ ఇక్కడే కాస్త తిప్పి, ఫెల్ట్ పెన్నుతో నంబర్లు వేసి మరీ తీసుకెళ్లేవారు. నంబర్లు ఎందుకంటే చక్రాలు లోపలి అంచు వైపే ఎక్కువ అరుగుతాయి. నాలుగు చక్రాల ఫ్రేములో ఒకటోదాన్ని మూడోదానితో, రెండోదాన్ని నాలుగోదానితో మార్చి, ఎడమ స్కేటువి కుడికి వేసి, అరిగిన అంచు బయటికి తిప్పాలి. ఏది ఎక్కడిదో రాసుకోకపోతే రెండో మార్పుకే గందరగోళం.

చక్రం సైజు గొడవ కూడా ఉండేది. చిన్న వయసు విభాగాలకి చాలా పోటీల్లో చక్రం వ్యాసం మీద పరిమితి ఉంటుంది. ఇక్కడ 110 మీద తిరిగే పిల్లాడు అక్కడికెళ్లాక తన విభాగానికి 100 దాటకూడదని తెలుసుకుంటే, అరువు చక్రాల వేటలో ఒక సాయంత్రం పోతుంది. ఆహ్వానపత్రంతో పాటు వచ్చే నిబంధనల కాగితంలో అది రాసే ఉంటుంది. టిక్కెట్ల హడావుడిలో చదివేదెవరు.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. బూట్లు చేతి సంచిలోనే ఉండాలి. సూట్‌కేసు రాకపోతే చక్రాలు అరువు దొరుకుతాయి, పాదానికి అమరిన కార్బన్ బూటు దొరకదు. ఎలన్ కీలు, స్పానర్లు మాత్రం పెద్ద పెట్టెలో పెట్టాలి, చేతి సంచిలో ఉంటే భద్రతా తనిఖీ దగ్గర పోతాయి. ఐరోపాలో హెల్మెట్ మీద ఈఎన్ 1078 అనే భద్రతా ప్రమాణం ముద్ర ఉందో లేదో చూస్తారు. లాప్ (ట్రాకు చుట్టూ ఒక చుట్టు) టైములు తీసే ట్రాన్స్‌పాండర్లు చీలమండకి కడతారు, వదులుగా కట్టుకుంటే రేసు మధ్యలో జారి కాలికి అడ్డం పడతాయి. బూటు కొనేటప్పుడు పెరిగే కాలు కదా అని రెండు సైజులు పెద్దది కొనడం మన ఇళ్లలో అలవాటు. స్పీడ్ బూట్లో వేలి ముందు అయిదు ఎంఎం కంటే ఖాళీ ఉంటే మడమ లేచి మడమ దగ్గరా చీలమండ ఎముక దగ్గరా బొబ్బలెక్కుతాయి. బొబ్బ చుట్టూ స్పాంజిని వడలా మధ్యలో రంధ్రం చేసి అంటించడం ఒక్కటే అప్పటికి తోచే వైద్యం.

అసలు కష్టం మలుపులో. మన రింకులు బల్లపరుపు. ప్రపంచ పోటీలు జరిగిన ట్రాకులు, 2009లో చైనాలోని హైనింగ్, 2013లో బెల్జియంలోని ఓస్టెండ్, 2015లో తైవాన్‌లోని కావోషుంగ్, మలుపుల్లో బయటి వైపుకి లేచి ఉంటాయి. మలుపు లోపలి అంచు దగ్గర దాదాపు సమంగా మొదలై బయటికి పోయిన కొద్దీ నిటారవుతుంది. ఫొటోలో చూస్తే సులువనిపిస్తుంది, గోడే మనల్ని పట్టుకుంటుంది కదా అని. 200 మీటర్ల లాప్ 18 సెకన్లలో కొడితే వేగం గంటకి 40 కిలోమీటర్లు. ఆ వేగంతో ఆ మలుపు తిరిగేటప్పుడు కాళ్ల మీద పడే భారం ఒంటి బరువుకి ఇంకో పావు వంతు కలిపినంత అవుతుంది. అది లాప్‌కి రెండుసార్లు, పది లాపులకి ఇరవై సార్లు. బల్లపరుపు రింకు మీద తర్ఫీదైన తొడలకి ఈ బరువు కొత్త. మూడో లాప్‌కి మోకాళ్లు నిటారవుతాయి, నిటారైన కాలికి తోయడానికి చోటుండదు. చూసేవాళ్లకి పిల్లాడు అలసిపోయినట్టు కనిపిస్తుంది, నిజానికి అతని ఊపిరి బాగానే ఉంటుంది.

దారి పట్టడంలోనూ తేడా ఉంది. మన రింకులో మలుపు లోపలి గీతని అంటిపెట్టుకుని పోవడం అలవాటు. వాలు ట్రాకు మీద కాస్త పైనుంచి మలుపులోకి దిగి, మలుపు సగం దాటాక లోపలి అంచుకి చేరాలి, అప్పుడు దిగే వాలు వేగాన్ని ఇస్తుంది. మొదటినుంచీ లోపలే ఉన్నవాడు మలుపు చివర బయటికి విసిరేసినట్టు పోతాడు. వెనకున్నవాడికి ఆ సందు చాలు.

ట్రాకు కట్టించడం ఎవరి చేతుల్లోనూ లేదు కాబట్టి, తిరిగొచ్చిన పిల్లలు చెప్పినది విని మాస్టార్లు ఇక్కడ దొరికినవాటితోనే సరిపెట్టారు. సైకిలు ట్యూబులు రెండు కలిపి నడుముకి కట్టి, పక్కనుంచి ఇంకొకడు లాగి పట్టుకుంటే, పిల్లాడు వంగి ఎడమ పక్కకి అడుగు మీద అడుగు వేస్తూ నడవాలి. ట్యూబు లాగే బలమే వాలు గోడ పెట్టే బరువుకి బదులు. ఎడమ కాలిని కుడి కాలి వెనకనుంచి బయటికి తోయడం, దీన్నే అండర్‌పుష్ అంటారు, ఇలా తప్ప ఇంకోలా వచ్చేది కాదు. బల్లపరుపు రింకు మీద కుడి కాలే పనంతా చేస్తుంది, ఎడమ కాలు ఊరికే ఆనుతుంది. ఎడమ స్కేటు ఫ్రేమునీ ఒకటి రెండు ఎంఎం లోపలికి జరిపేవారు. ఫ్రేము బిగించే రంధ్రాలు పొడుగ్గా ఉండేది అందుకే. అంతకు మించి జరిపితే తిన్నటి దారిలో కాలు బయటికి వాలుతుంది. ఇక కైలాసగిరి మెట్లు ఉండనే ఉన్నాయి, ఎక్కడం తొడలకి, దిగడం మోకాళ్ల ఓర్పుకి. దిగేటప్పుడు పరుగెత్తకూడదని వంద సార్లు చెప్పినా వినేవారు కాదు.

గుంపు రేసుల్లో పోగొట్టుకున్నవి వేరే. ఇక్కడ అందరికంటే వేగంగా ఉండే పిల్లాడికి ముందుండటమే తెలుసు. అక్కడ పాతిక ముప్పై మంది ఒకరి వెనక ఒకరు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో పోతుంటారు. ముందువాడు గాలి చీలుస్తాడు, వెనకవాళ్లు ఆ నీడలో కాళ్లు దాచుకుంటారు. మనవాడు ఉత్సాహంగా అయిదు లాపులు గుంపుని లాగి, చివరి రెండు లాపుల్లో పదిమందికి దారి ఇస్తాడు. రెండోసారి వెళ్లినప్పుడు ఆ భయంతో మరీ వెనక దాక్కుంటాడు. ఎలిమినేషన్ రేసులో అది ఇంకా ప్రమాదం. గంట కొట్టిన లాప్ చివర గీత దాటిన ఆఖరివాడు ఇంటికే, పైగా అక్కడ చూసేది వెనక కాలు. ముందు కాలు దాటింది కదా అని ఒళ్లు వదిలేసిన పిల్లలు అలా వెళ్లిపోయినవాళ్లే. అనుభవం మీద తేలిన చోటు అయిదు నుంచి ఎనిమిదో స్థానం మధ్య, కొంచెం బయటి వైపు. లోపల ఇరుక్కుంటే ముందువాడు నెమ్మదిస్తే తప్పుకునే దారి లేదు.

పాయింట్ల రేసులో లెక్క రాకపోతే కాళ్లుండీ దండగ. మధ్యలో వచ్చే ప్రతి స్ప్రింటుకీ మొదటివాడికి 2, రెండోవాడికి 1, చివరి గీత దగ్గర 3, 2, 1. మూడోవాడిగా రావడానికి ప్రాణం పెట్టి కొట్టిన స్ప్రింటుకి మధ్యలో దక్కేది సున్నా. ఏ స్ప్రింటు వదిలెయ్యాలో తెలియాలి. ఇది రింకు గట్టు మీద చాక్‌పీసుతో గీసి చెప్పాల్సిన చదువు, తిప్పినంత మాత్రాన వచ్చేది కాదు.

ఇవన్నీ పక్క రాష్ట్రం కుర్రాడికి వంటబట్టాయని తరవాత లోకం చూసింది. చెన్నైకి చెందిన ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 2021లో కొలంబియాలోని ఇబాగేలో జరిగిన ప్రపంచ పోటీల్లో జూనియర్ 15 కిలోమీటర్ల ఎలిమినేషన్ రేసులో రజతం కొట్టాడు. 2025లో చైనాలోని బైదైహేలో జరిగిన ప్రపంచ పోటీల్లో సీనియర్ 1000 మీటర్లు 1 నిమిషం 24.924 సెకన్లలో ముగించి స్వర్ణం తెచ్చాడు. ఆ వార్త వచ్చిన రోజు పాత స్కేటర్లు ఒకరికొకరు ఫోన్లు చేసుకుని చెప్పుకున్నది టైము గురించి కాదు, చివరి మలుపులో అతను పట్టిన దారి గురించి.

వానలో రోడ్డు రేసు ఇంకో కథ. మన దగ్గర చినుకు పడితే బేరింగులు పోతాయని ఇంటికి పంపేస్తారు. అక్కడ వానలోనే గన్ను పేలుస్తారు. తడి రోడ్డుకి మెత్తటి చక్రాలు కావాలి, తోపులు పొట్టిగా ఉండాలి, బరువు నిలువుగా దించాలి. తెల్ల రంగు గీతల మీద అసలు తోయకూడదు. రేసు అయిన రాత్రే బేరింగులు విప్పి ఆరబెట్టాలి, నిద్ర ఎంత ముంచుకొచ్చినా సరే.

చివరి గీత దగ్గర జరిగే తప్పు మాత్రం చిన్నా పెద్దా ఎవర్నీ వదలదు. 2023 అక్టోబరు 2న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మగవాళ్ల 3000 మీటర్ల రిలేలో కొరియా జట్టు గెలిచినట్టే అనుకుని చివరి స్కేటర్ జంగ్ చోల్‌వాన్ గీతకి ముందే చేతులు పైకెత్తాడు. పక్కనే తైవాన్ కుర్రాడు హువాంగ్ యులిన్ ఎడమ కాలు ముందుకి చాచాడు. తైవాన్ 4:05.692, కొరియా 4:05.702. తేడా సెకనులో వందో వంతు. గంటకి 40 కిలోమీటర్ల వేగంలో ఆ వందో వంతు 11 సెంటీమీటర్లు, దాదాపు ఒక 110 ఎంఎం చక్రం వ్యాసమంత. ఆ రేసులో కాంస్యం మనదే, ఆడపిల్లల రిలేలోనూ కాంస్యమే. అందుకని మనవాళ్లంతా ఆ వీడియో చూశారు, కొరియా వాడి చేతులూ చూశారు.

అంతకు ముందు కాలు చాచడం అనేది మన పిల్లలకి సరదా విద్య. ఇప్పుడు తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద సుద్దతో గీత గీసి దాన్నే విడిగా చేయిస్తున్నారు. గీతకి రెండు మూడు మీటర్ల ముందు వెనక మోకాలు బాగా వంచి, ముందు కాలిని నేల మీద నుంచి లేపకుండా జార్చాలి. గాలిలో లేచిన కాలుని లెక్కలోకి తీసుకోరు. అయిదు మీటర్ల ముందే చాచితే వేగం చచ్చిపోతుంది, గీత దగ్గరికొచ్చేసరికి పక్కవాడు దాటేస్తాడు. చూపు గీత మీద పెడితే తల వంగి బరువు ముందుకి పడుతుంది, అందుకని గీత అవతల పది మీటర్ల దూరంలో ఎవరినైనా నిలబెట్టి వాళ్ల మొహం చూడమంటారు. రెండు కాళ్లతోనూ చేయించాలి. తోపుల లెక్క ఎంత సరిచూసుకున్నా గీత దగ్గరికి ఏ కాలు ముందొస్తుందో ముందుగా చెప్పలేం. చాలామందికి కుడి కాలు వచ్చినంత బాగా ఎడమ కాలు రాదు.